అన్నిటికన్నా చౌకది ఇయ్యప్పా

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఉరుకుందమ్మ నెత్తిన ఒక మూట పెట్టుకొని, కోడుమూరు దాటి, హంద్రీ ఒడ్డు పట్టుకొని రెండు రోజులు నడిచి టౌనుకు వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. చూసినవాళ్ళు యాభై అనుకునేవాళ్ళు. మొగుడు అయ్యన్న డ్యాం పనికని హోసపేటకు పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టి మళ్ళీ ఊరి మొహం చూడలేదు. వరసగా రెండేళ్ళు వానలు లేక జొన్నచేలు ఎండిపోయి, ఊళ్ళో కూలి అనే మాటే వినపడకుండా పోయింది. కర్నూల్లో ఆఫీసర్లకు డేరాలు వేస్తున్నారనీ, కొత్త కట్టడాలు లేపుతున్నారనీ, చేతులున్న వాళ్ళందరికీ పని దొరుకుతుందనీ విని బయల్దేరింది.

ఆరు నెలలు ఇటుకలు మోసింది. ఒకనాడు గోడకు కట్టిన సారువ విరిగి భుజం మీద పడింది. ఎముక విరగలేదు గానీ ఆ చేయి తలపైకి లేవడం మానేసింది. మేస్త్రీ రెండు రోజులు చూసి మూడోనాడు రావద్దన్నాడు. అప్పుడు పేటలో ఒక ఇంట్లో అంట్లు తోమే పని దొరికింది. తోమడానికి చేయి తలపైకి లేవాల్సిన అవసరం లేదు.

ఆ ఇల్లు ఒక నూనె కంపెనీ ఇన్స్పెక్టరుది. ఆయన మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చాడు. రాజధాని వచ్చాక ఊరినిండా జీపులు, కార్లు తిరగడం మొదలై, నాలుగు దిక్కులా రోడ్ల మీద కంపెనీవాళ్ళు పెట్రోలు బంకులు పెట్టించారు. ప్రతి బంకులో పెట్రోలు పంపు ఒకటి, పల్లెలవాళ్ళకు సీసాల లెక్కన కొలిచి పోసే కిరసనాయిలు పీపా ఒకటి, పక్కనే బీడీలు, అగ్గిపెట్టెలు, సబ్బులు అమ్మే చిన్న అంగడి ఒకటి ఉండేవి. కొన్ని బంకుల్లో నూనెలో నీళ్ళు కలుపుతున్నారనీ, కొలత తగ్గిస్తున్నారనీ, వచ్చినవాళ్ళను కసురుకుంటున్నారనీ పైకి ఫిర్యాదులు పోయాయి. ఇన్స్పెక్టరు జీపులో దిగితే అందరూ సలాములు కొట్టి నిండుగా కొలిచేవాళ్ళు. ఆయన వెనుదిరిగితే మళ్ళీ మామూలే.

ఒక ఉదయం ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటూ, బూడిదతో గిన్నెలు రుద్దుతున్న ఉరుకుందమ్మను చాలాసేపు చూశాడు.

“ఏమే, నువ్వు ఎక్కడికి పోయినా నిన్నెవరూ గమనించరు గదా” అన్నాడు.

తప్పు చేశానేమోనని ఆమె లేచి నిలబడింది. ఆయన చెప్పిన పని అర్థం కావడానికి మూడు సార్లు వినాల్సి వచ్చింది. నెలకు రెండు మార్లు బస్సెక్కి ఆయన చెప్పిన బంకులకు పోవాలి. ఆయన ఇచ్చిన ఆకుపచ్చ సీసాలో కిరసనాయిలు పోయించుకోవాలి. అంగట్లో ఏదో ఒక వస్తువు కొనాలి. కొనే వంకతో కాసేపు నిలబడి, కార్లకు, లారీలకు ఎట్లా కొలుస్తున్నారో, ఎవరితో ఏం మాట్లాడుతున్నారో చూసి, వచ్చి చెప్పాలి. సీసా ఆయనకు ఇచ్చేయాలి. ఆయన దానికి లక్క వేసి కడప ఆఫీసుకు పంపుతాడు, అక్కడ పరీక్ష చేస్తారు. అంగట్లో కొన్న వస్తువు మాత్రం ఆమెదే. బస్సు చార్జీ, దుడ్లు అన్నీ కంపెనీవే.

తనకోసం అంగట్లో ఏదైనా కొనుక్కోమని ఆమెతో అంతవరకు ఎవరూ అనలేదు. మొదటి సారి నంద్యాల రోడ్డు బంకుకు పోయి, గాజు బీరువాలో గులాబీ కాగితం చుట్టిన వాసన సబ్బు ఒకటి కనబడితే అది కొనింది. బస్సులో దారిపొడుగునా దాన్ని కొంగులో పెట్టుకొని మాటిమాటికీ వాసన చూసింది. ఇంటికి వచ్చి సీసా, సబ్బు రెండూ అరుగు మీద పెట్టేసరికి ఇన్స్పెక్టరు భార్య లోపలి నుంచి వచ్చి, సబ్బును ఎత్తి చూసి, తాను కూడా ఇంత మంచిది వాడడం లేదని మొగుడితో అన్నది. ఆయన మొహం ఎర్రబడింది. కంపెనీ దుడ్లతో సింగారాలు చేసుకోవడానికి పంపలేదనీ, ఇకమీదట అంగట్లో అన్నిటికన్నా చౌకది ఏదో అడిగి అదే కొనాలనీ గట్టిగా చెప్పాడు. సబ్బు అమ్మగారి స్నానాల గదిలోకి పోయింది.

అప్పటినుంచి ఉరుకుందమ్మ ఏ బంకు కాడికి పోయినా ఒకే మాట అడిగేది. “అన్నిటికన్నా చౌకది ఇయ్యప్పా.” అగ్గిపెట్టె ఇచ్చేవాళ్ళు. సూది ఇచ్చేవాళ్ళు. చిటికెడు కర్పూరం పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. ఒకచోట బీడీ ఒక్కటే చేతిలో పెట్టారు. ఆమె బీడీ తాగదు. దాన్ని చెవి వెనకాల పెట్టుకొని వచ్చి గుడిసె పక్కన ఉండే ముసలాయనకు ఇచ్చింది. అంగట్లో అన్నీ చూసి, చివరకు చౌకది అడిగే మనిషి మీద అంగడివాళ్ళకు ఉండే చిరాకంతా ఆమె మీద పడేది. ఎదురుగా నిలబడితే బేరానికి అడ్డమని పక్కకు నెట్టేవాళ్ళు. కార్లవాళ్ళు పోయేదాకా ఎండలో నిలబెట్టేవాళ్ళు. ఇన్స్పెక్టరుకు కావలసింది అదే.

ఆయన దగ్గర ఒక అచ్చు కాగితం ఉండేది. అరుగు మీద కుర్చీలో కూర్చుని, అందులో ఉన్నవి ఒక్కొక్కటి తెలుగులో చెప్పి అడిగేవాడు. బంకు ముందు ఊడ్చి ఉందా, తాగడానికి నీళ్ళు పెట్టారా, కొలత ఎట్లా పోశారు. ఆమె అన్నిటికీ సరిగానే చెప్పేది. వచ్చినవాళ్ళతో మర్యాదగా మాట్లాడారా అని అడిగితే మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు. “బాగానే మాట్లాడినారు సామీ.”

నాలుగు బంకులకు నాలుగు సార్లు అదే చెప్పింది. ఆయనకు అనుమానం వచ్చింది. ఏమన్నారో మాటకు మాట చెప్పమన్నాడు. ఆమె కాసేపు గుర్తు చేసుకొని చెప్పింది. “‘ఏమే ముసిల్దానా, కండ్లు కనపడవా, ఆ పక్కకు సావు’ అన్నాడు సామీ.”

“అది మర్యాదా?”

“మరి ఎట్ల మాట్లాడ్తారు సామీ?” అని ఉరుకుందమ్మ నిజంగానే అడిగింది.

లోపల అమ్మగారు గట్టిగా నవ్వడం వినిపించింది. ఇన్స్పెక్టరు మాత్రం నవ్వలేదు. తెలివితక్కువ దాన్ని పెట్టుకున్నందుకు తనను తాను తిట్టుకొని, ఆ రోజు నుంచి ఆమె చేత అన్ని మాటలూ పొల్లు పోకుండా చెప్పించుకోవడం మొదలుపెట్టాడు. బంకులో తిమ్మన్న అనేవాడు ఏమన్నాడు, ఏ గొంతుతో అన్నాడు, చిల్లర చేతికిచ్చాడా, బల్ల మీద పెట్టాడా, నేల మీద విసిరాడా. ఆమె అరుగు కింద నిలబడి, వాడి గొంతుతోనే ఆ మాటలు మళ్ళీ పలికేది. ఆయన రాసుకునేవాడు. ఒక్కొక్క మాట రాసి, “ఇది అమర్యాద” అని పక్కన గీత గీసేవాడు.

బంకు కాడ విన్నప్పుడు చెవి పక్కనుంచి పోయిన మాటలు, తన నోటితో తాను పలికినప్పుడు గుచ్చుకోవడం మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి ఆమెకు అన్నీ వినిపించసాగాయి. కొళాయి కాడ, బస్సులో, కూరగాయల బండి కాడ ఎవరు ఏ మాట అన్నా అక్కడే నిలబడిపోయేది. ఇన్స్పెక్టరు తనను పిలిచే పిలుపు కూడా వినిపించింది. అమ్మగారు అన్నం పెట్టే తీరు కనిపించింది. ఇదివరకు ఉరుకుందమ్మ పడుకుంటే తెల్లవారేదాకా మెలకువ వచ్చేది కాదు. ఇప్పుడు ఆ రోజు విన్న మాటలన్నీ పక్కలోకి వచ్చేవి.

నంద్యాల రోడ్డు బంకులో తిమ్మన్న చిల్లర నేల మీద విసిరిన సంగతి ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది. విసిరినవి ఏరుకోవడానికి వంగినప్పుడు వాడు కాలితో ఒక కాసును ఇంకొంచెం దూరం తన్నిన సంగతి కూడా చెప్పింది. తర్వాతి సారి పోయేసరికి పంపు కాడ వేరే మనిషి ఉన్నాడు. తిమ్మన్న ఏమయ్యాడని ఏమీ ఎరగనట్టు అడిగింది. ఎవరో పైకి చెప్పారనీ, పని పోయిందనీ, ముగ్గురు పిల్లలతో గంజికి కూడా జరగక అత్తగారి ఊరికి పోయాడనీ వాడు చెప్పాడు. ఉరుకుందమ్మ ఒక సూది కొనుక్కొని బస్సెక్కింది. ఆకలి మీద ఉన్న మనిషి కడుపు నిండా తిన్నట్టు ఉంది ఆమెకు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత బాగా నిద్ర పట్టింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరి పనులు పోయాయి. వాళ్ళ గురించి ఆమె అడగను కూడా అడగలేదు.

కోడుమూరు రోడ్డు మీద బంకు పెద్ద ఈరన్న అనే ఆయనది. ఈరన్న యుద్ధకాలంలో మిలిట్రీ లారీ నడిపి వచ్చినవాడు. తనకున్న నాలుగెకరాల మెట్ట అమ్మి, కంపెనీకి డిపాజిట్టు కట్టి ఆ బంకు తీసుకున్నాడు. ఆయన పంపు చూసుకునేవాడు, పెళ్ళాం హనుమంతమ్మ అంగట్లో కూర్చునేది. ఉరుకుందమ్మ మొదటిసారి పోయిన రోజు హనుమంతమ్మ లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈరన్న సీసా అందుకొని నిండా పోసి, అంగట్లోకి వచ్చి ఏం కావాలని అడిగాడు. ఆమె ఎప్పటి మాటే అన్నది. ఆయన చిరాకు పడలేదు. గాజు జాడీ మూత తీసి నిమ్మతొన బిళ్ళలు రెండు తీసి, ఇంకొకటి కలిపి చేతిలో పెట్టాడు.

“కూచో అమ్మా. బస్సు రానీకి ఇంకా శానా సేపుండాది. కుండలో నీళ్ళుండాయి, తాగు.”

ఉరుకుందమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. ఆయన పీట ముందుకు జరిపాడు. ఆమె పీట అంచున సగం మాత్రం కూర్చుని, బస్సు వచ్చేదాకా అట్లాగే ఉంది. అరుగు కింద నిలబడి ఆ మాటలు కూడా ఇన్స్పెక్టరుకు ఈరన్న గొంతుతోనే చెప్పింది. ఆయన గీత గీయకుండా కాగితం తిప్పాడు.

మూడోసారి అక్కడికి పోయింది పుష్యమాసంలో. ఈరన్న ఎప్పటిలాగే కూర్చోబెట్టాడు. హనుమంతమ్మ కూడా ఉంది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడిగి, ఆమె చేయి లేవడం లేదని గమనించి, ఆముదం కాచి రుద్దుకోమని చెప్పింది. బస్సెక్కి కూర్చున్నాక ఉరుకుందమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. అడుగున గోళీ కాయంత నీటిబొట్టు అటూ ఇటూ దొర్లుతోంది.

నీళ్ళు కలిపిన నూనె అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ సీసా కడపకు పోతుంది, పది రోజుల్లో బంకు కాడ వేరే మనిషి కూర్చుంటాడు. కర్నూలు చేరేదాకా ఆలోచించింది. బస్టాండు కాడ దిగి, బజారు అంగట్లో తన దుడ్లతో ఇంకొక సీసా కిరసనాయిలు కొనింది. గుడిసెకు పోయి, ఈరన్న పోసిన నూనెను తన ఇంటి డబ్బాలోకి వంచి, సీసాను గుడ్డతో తుడిచి, బజారు నూనె పోసి బిరడా పెట్టింది. ఆ సీసాను పట్టుకుపోయి ఇన్స్పెక్టరు చేతికిచ్చింది. ఆయన ఎప్పటిలాగే లక్క వేశాడు. అంత తేలికగా ఒక మనిషిని కాపాడవచ్చని ఆమెకు అంతవరకు తెలియదు.

డబ్బాలో నూనె వారం రోజులు ఆమె గుడిసెలో దీపానికి వచ్చింది. నీళ్ళున్న నూనె అయితే ఒత్తి చిటపటలాడాలి. ఈ ఒత్తి ఒక్కసారి కూడా చిటపటలాడలేదు, మసి పట్టలేదు. డబ్బా ఖాళీ అయ్యాక అడుగున చూస్తే ఆ ఒక్క బొట్టే ఉంది. అప్పుడు గుర్తుకు వచ్చింది. బంకుకు పోయిన ఉదయం బయల్దేరే ముందు సీసా కడిగింది తనే. ఆరబెట్టే వ్యవధి లేక అట్లాగే బిరడా పెట్టుకొని పరుగెత్తి బస్సెక్కింది. ఈరన్న నూనెలో నీళ్ళు లేవు. ఉన్నవి తన సీసాలోని నీళ్ళు. అనవసరంగా భయపడ్డానే అనుకొని నవ్వుకుంది. ఏదైతేనేం, మంచి నూనే ఇచ్చాను గదా, ఇబ్బంది ఏముంటుందిలే అనుకుంది.

బజారులో దొరికే నూనె ఎన్ని రకాలో ఆమెకు ఏం తెలుసు. ఈరన్న కంపెనీది తెల్ల నూనె, ధర ఎక్కువ. ఆమె కొన్నది ఇంకొక రకం, పసుపు రంగు, చౌక. ఆకుపచ్చ సీసాలో రెండూ ఒకటిగానే కనిపించాయి.

కడప నుంచి జవాబు వచ్చిన రోజు ఇన్స్పెక్టరు ఆమెను అంట్ల కాడనుంచి లేపి జీపు వెనకాల కూర్చోబెట్టాడు. జీపు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. కోడుమూరు రోడ్డు పట్టేదాకా ఎక్కడికో తెలియలేదు.

బంకు కాడ నలుగురైదుగురు ఉన్నారు. ఇన్స్పెక్టరు దిగీదిగగానే, పంపు కాడ తాళం అడిగి తీసుకున్నాడు. చౌక నూనె తెచ్చి కంపెనీ ధరకు అమ్ముతున్నావని అందరి ముందూ అన్నాడు. ఈరన్న నమ్మలేనట్టు నవ్వాడు. పీపా అక్కడే ఉందనీ, ఇప్పుడే తీసి చూసుకోమనీ అన్నాడు. వస్తున్నామని తెలిసి మార్చి ఉంటావని ఇన్స్పెక్టరు అన్నాడు. నెల కింద ఇక్కడ కొన్న సీసా, కొన్న మనిషి రెండూ తన దగ్గర ఉన్నాయని చెప్పి, ఉరుకుందమ్మను జీపులోంచి దిగమన్నాడు.

ఈరన్న ఆమెను చూశాడు. వెంటనే అర్థం కాలేదు ఆయనకు. “ఈయమ్మా?” అన్నాడు. “ఈయమ్మ మా ఇంటి మనిషి లెక్క. చెప్పు అమ్మా, నేను నీకి యా నూనె పోసినా?”

ఉరుకుందమ్మ ఉన్నదే చెప్పింది. “సామీ, ఆ సీసాలో నూనె ఈయప్పది కాదు. నేనే మార్చినా.”

“ఎందుకు మార్చినావు?” అన్నాడు ఇన్స్పెక్టరు.

“నీళ్ళుండాయనుకున్నా.”

“నీళ్ళుంటే చెప్పడానికే గదా నిన్ను పంపేది. దాచినావంటే నీకేదో ముట్టి ఉండాలి. ఏమిచ్చినాడు?”

“ఏమీ ఇయ్యలేదు సామీ.”

“ఏమీ ఇవ్వకుండానే వాడి కోసం నీ దుడ్లు పెట్టి నూనె కొన్నావా?”

ఉరుకుందమ్మకు ఉన్న మాట తప్ప ఇంకొకటి తోచలేదు. “కూచోమన్నాడు సామీ” అన్నది.

జీపు డ్రైవరు నవ్వాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. ఇన్స్పెక్టరు నవ్వకుండా, ఇంకా ఏమేం చేశాడో చెప్పమన్నాడు. అరుగు కింద నిలబడి మాటకు మాట అప్పజెప్పడం అలవాటైన మనిషి, అన్నీ చెప్పేసింది. నీళ్ళు తాగమన్నాడు. నిమ్మతొనలు రెండు కొంటే మూడు ఇచ్చాడు. ప్రతిసారీ ఒకటి ఎక్కువే ఇచ్చాడు. ఆయన పెళ్ళాం చేతికి మందు చెప్పింది. ఇన్స్పెక్టరు పుస్తకం తీసి అన్నీ వరసగా రాసుకున్నాడు. కంపెనీ మనిషని పసిగట్టి, ముందునుంచే మంచి చేసుకున్నాడని ఈరన్నతో అన్నాడు. ఎవరినైనా తాను అట్లాగే కూర్చోమంటానని ఈరన్న చెప్పబోయాడు. ఏ బంకులోనూ ఏ మనిషీ కూలిదాన్ని పీట వేసి కూర్చోబెట్టడనీ, తాను ఇన్నేళ్ళుగా చూస్తున్నాననీ ఇన్స్పెక్టరు జవాబిచ్చాడు. ఆ మాట చుట్టూ ఉన్నవాళ్ళకు సబబుగానే తోచింది.

పంపుకు సీలు వేశారు. పీపాకు సీలు వేశారు. హనుమంతమ్మ అంగట్లోంచి లేచి వచ్చి గుంజ పట్టుకొని నిలబడింది. ఈరన్న ఇన్స్పెక్టరు వైపు చూడడం మానేసి ఉరుకుందమ్మ ముందుకు వచ్చాడు. చాలా మెల్లగా అడిగాడు.

“ఏమే, నేను నీకేం జేసినానే?”

అన్ని బంకుల్లో అన్ని నోళ్ళనుంచి విన్న ఆ పిలుపు ఆయన నోట వినేసరికి ఉరుకుందమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. వెనక్కి పోయేటప్పుడు ఆమెను జీపులో ఎక్కించుకోలేదు. పదిహేను మైళ్ళు నడిచి మరునాడు పొద్దున పేటలో ఇంటికి పోతే, అమ్మగారు తలుపు సగం తీసి, నమ్మకం లేనివాళ్ళు ఇంట్లో వద్దని చెప్పి, ఇవ్వాల్సిన జీతం మాట ఎత్తకుండా తలుపు వేసేసింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం హనుమంతమ్మ ఆమె గుడిసె వెతుక్కుంటూ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకొని ఉరుకుందమ్మ లోపలే ఉండిపోయింది. హనుమంతమ్మ తిట్టలేదు. గడప మీద కూర్చుని, కడపలో ఇన్స్పెక్టరుకు పైన ఇంకో ఆఫీసరు ఉన్నాడనీ, ఆయన ధర్మాత్ముడని అంటున్నారనీ, జరిగింది ఆయనకు చెప్పడానికి వస్తావా అనీ అడిగింది. ఉరుకుందమ్మ వెంటనే చీర మార్చుకుంది.

నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పొద్దుగూకేదాకా బస్సు. దారిలో హనుమంతమ్మ మూట విప్పి జొన్నరొట్టె మీద ఊరిబిండి పచ్చడి పెట్టి సగం ఆమెకు ఇచ్చింది. ఈరన్న ఇంట్లోంచి బయటికి రావడం లేదని చెప్పింది. డిపాజిట్టు వెనక్కి ఇచ్చినా చాలు, అమ్మిన చేను కాకపోయినా ఇంకొక రెండెకరాలైనా కౌలుకు చేసుకుంటాం అన్నది. నేను చెప్తానక్కా, అన్నీ చెప్తా అని ఉరుకుందమ్మ రెండు మూడు సార్లు అన్నది.

కడప ఆఫీసు రైలు స్టేషను వెనకాల ఉంది. మొదటి రోజంతా గేటు బయట కూర్చోబెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం గుమాస్తా ఒకాయన లోపలికి పిలిచాడు. ఉరుకుందమ్మ నీటిబొట్టు దగ్గరనుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. “సీసాలో నూనె నువ్వే మార్చినావు, అంతేనా?” అని అడిగాడు. అంతే సామీ అన్నది. “వాళ్ళు నీతో మంచిగా ఉన్నారు కాబట్టి మార్చినావు, అంతేనా?” అన్నాడు. అవును సామీ అన్నది. ఆయన ఇంగ్లీషులో ఒక కాగితం నింపి, ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు ఇంకులో అద్ది, ఆయన చూపించిన చోట గట్టిగా ఒత్తింది. ఆఫీసరు తలుపులోంచి ఒకసారి తొంగిచూసి, సరే పొమ్మన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. ఆళ్ళగడ్డలో హనుమంతమ్మ రెండు కప్పుల టీ తెప్పించింది.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. అది చేత పట్టుకొని హనుమంతమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గడప మీద కూర్చోలేదు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంటే కోడుమూరు బడి అయివారితో చదివించామని చెప్పింది. బంకువాళ్ళు తనకు అది ఇదీ ఇచ్చి మచ్చిక చేసుకొని, నూనె మార్చమని అడిగితే తాను మార్చానని ఆ మనిషే ఒప్పుకొని వేలిముద్ర వేసింది కాబట్టి, బంకు తీసేస్తున్నాం, డిపాజిట్టు తిరిగి ఇవ్వం అని ఉందట.

“నువ్వు అట్ల చెప్పినావా?” అని అడిగింది హనుమంతమ్మ.

“ల్యాదక్కా.”

“మరి ఏలు ఎందుకేసినావు?”

“ఏయమన్నారక్కా.”

హనుమంతమ్మ ఉత్తరం మడిచి కొంగులో కట్టుకొని వెళ్ళిపోయింది.

ఈరన్న ఎర్రగుంట్లకు పోయి నాపరాళ్ళ క్వారీలో లారీకి కూలిగా చేరాడు. లారీ నడపడానికి ఆయన వయసు చూసి ఎవరూ ఒప్పుకోలేదు. రెండో ఏడు బండ జారి కుడిపాదం నుజ్జయింది. ఆ తర్వాత హనుమంతమ్మే ఆ క్వారీలో రాళ్ళు మోసిందని చెప్పుకున్నారు. ఇన్స్పెక్టరుకు ప్రమోషను వచ్చి మద్రాసు వెళ్ళిపోయాడు. రాజధాని హైదరాబాదుకు పోయింది. జీపులు, కార్లు అన్నీ దాని వెంటే పోయాయి. ఈరన్న బంకును కంపెనీవాళ్ళు వేరొకరికి ఇస్తే, బేరం లేక ఎనిమిది నెలలు కూడా నడపలేక అతను మూసేశాడు.

కర్నూల్లో పని లేక ఉరుకుందమ్మ ఊరికి వచ్చింది. తమ్ముడు బొజ్జన్న కొట్టంలో ఒక మూల చూపించాడు. వేరుశనక్కాయల కాలంలో కాయలు ఒలవడానికి, మిగతా రోజుల్లో కంప చెట్లు కొట్టడానికి పోయేది. ఆమె రాకముందే ఆమె కథ ఊరికి వచ్చింది. కంపెనీ దుడ్లు తిని అన్నం పెట్టిన వాళ్ళ బంకు తీయించిందని ఒకరు, రెండు వైపులా తినిందని ఒకరు అన్నారు. ఊళ్ళో అంగడి ఒకటే. ఆమె గుమ్మం ఎక్కితే చాలు, అంగడాయన చేస్తున్న పని ఆపి లేచి నిలబడేవాడు.

“రాండి కంపెనీయమ్మగారూ, కూచోండి” అని పీట తుడిచి వేసేవాడు. తూకం కట్టేటప్పుడు త్రాసును ఆమె కళ్ళ ముందుకు ఎత్తి, సరిపోయిందా అమ్మగారూ, రాసుకున్నారా అమ్మగారూ అని అడిగేవాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి దండాలు పెట్టేవాళ్ళు. పిల్లలు కూడా నేర్చుకొని వీధిలో “అమ్మగారూ” అని వెంటపడేవాళ్ళు. అంత మర్యాద ఆ ఊళ్ళో ఏ రెడ్డికీ జరగలేదు. ఆమె కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత అంగడికి పోవడం మానేసి, పక్కింటి విశ్వాసమ్మ చేత తెప్పించుకునేది. విశ్వాసమ్మ అంగడికి పోని రోజున సంగటి ఉప్పు లేకుండానే తినేది.